సంతలో పూసలిచ్చినవాడి పాట

పూసలిచ్చి, తీపి మాటలు చెప్పి పిల్లను మాయచేసే మైదానపు ప్రియుడి పాటలు మనకున్నాయి. వాటిని వట్టి వలపు పాటలనుకుంటే సగమే విన్నట్టని మా అభిప్రాయం.

1917 చట్టం ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివారికి పోకుండా అడ్డుకట్ట వేసింది. 1970 నాటి 1వ రెగ్యులేషన్ దాన్ని ఇంకా బిగించింది: భూమి గిరిజనులకు తప్ప వేరెవరికీ బదిలీ కారాదంది. అయినా కొందరు షావుకార్లు దారి వెతుక్కున్నారు. మన ఆడబిడ్డను చేరదీసి, ఆమె పేరున భూమి కొన్నారు. కాగితం మీద పేరు ఆమెది, ఇంటికి చేరే పంట వాడిది. అడిగితే, ఆమె నా భార్యేగా అన్నారు!

ఇది తెలిశాక ఆ పాటలో పిల్ల ఏడుపు వేరుగా వినిపిస్తుంది. వాడు వదిలిపోతాడన్న దిగులు కొంతే. వాడు పోకుండా చేలో పాతుకుపోతాడన్న భయమే ఎక్కువ.