ఊపిరిని కనిపెట్టుట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒక తరము క్రిందట అనాబ్-ఎ-షాహీ ద్రాక్షపందిళ్లకు పేరుపడిన మెట్టభూములు. నేడచ్చట మందుల కంపెనీలు బారులు తీరినవి, 1999లో శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీ వెలసినది. విషవాయువు పీల్చిన కార్మికునకు చికిత్స యేమన్న ప్రశ్న ఈ నేలకు క్రొత్తదిగా తోచును గాని, అందలి ముఖ్యసూత్రమొకటి ఇచ్చటికి పది క్రోసుల దూరముననున్న హైదరాబాదు నగరముననే వాదప్రతివాదముల నడుమ పుట్టినది.

రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ దొర, 1888లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రాపున మత్తుమందగు క్లోరోఫారము ప్రాణము తీయు విధమును తేల్చుటకు క్లోరోఫారము కమిషనును నెలకొల్పెను. దాని తీర్పును లోకము నమ్మకున్నందున మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, లాన్సెట్ పత్రిక పంపిన లాడర్ బ్రంటన్ అను వైద్యుని రప్పించి, కుక్కలమీదను కోతులమీదను వందలకొలది ప్రయోగములు మరల జరిపించెను. మత్తు చంపునది గుండెను ఆపి కాదు, ఊపిరిని ఆపి. కావున వైద్యుడు నాడిని విడిచి శ్వాసను కనిపెట్టవలెనని వారి తీర్పు. గుండెయు హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ అను పరిశోధకుడు నిరూపించుటతో ఆ తీర్పు సగము కూలెను. మిగిలిన సగము మాత్రము, లారీ తలపనైనను తలపని చోట పనికివచ్చినది.

ఏలయన, క్లోరోఫారము వెలుతురును గాలియు సోకినచో ఫాస్‌జీను అను విషవాయువుగా మాఱును. దానిని రంగుసీసాలలో, కొలదిగా ఆల్కహాలు కలిపి దాచుట అందులకే. మొదటి ప్రపంచయుద్ధమున, 1915 డిసెంబరులో, బెల్జియములోని ఈప్ర వద్ద జర్మనులు క్లోరీనుతో కలిపి ప్రయోగించినది ఈ ఫాస్‌జీనునే. దీని కపటము విచిత్రము: కొంచెము దగ్గు, కుళ్లిన గడ్డి వాసన, అంతతో సరి, సైనికుడు నడచును, భుజించును, నవ్వును, కొన్ని గంటలకు ఊపిరితిత్తుల గాలితిత్తులు నీటితో నిండి, పొడినేలపైననే మునిగిపోవును. నాటి వైద్యులు నీలివర్ణము దాల్చినవారికి నెత్తురు తీసిరి. హాల్డేన్ పండితుడు ప్రాణవాయువును నేరుగా అందించు పరికరమును కల్పించెను. అడుగు తీసి అడుగు వేయనీయక పడుకొనబెట్టుటయే సగము చికిత్సయని అనుభవము నేర్పినది.

భోపాలున 1984లో వెలువడిన విషమునకు ముడిసరుకు ఫాస్‌జీనే. 2020 మే 7న విశాఖ వెంకటాపురమున స్టైరీను ఆవిరికి పన్నెండుగురు మరణించిరి. అదియు వేఱు వాయువే గాని, కింగ్ జార్జి ఆసుపత్రికి తరలినవారికి ముఖ్యావలంబము ప్రాణవాయువే. ఫాస్‌జీనుకు నేటికిని రూఢియైన విరుగుడు లేదు. స్టెరాయిడ్ల ప్రయోజనము నేటికిని వివాదగ్రస్తమే. తీవ్రముగా దెబ్బతిన్న తిత్తులకు వెంటిలేటరుతో, ఎత్తునుబట్టి లెక్కించిన శరీరపు బరువులో కిలోకు ఆఱు మిల్లీలీటర్ల చొప్పున చిన్నచిన్న గుక్కలుగా గాలినిచ్చుట మేలని 2000లో అమెరికా పరిశోధన తేల్చినది. అంతకుముందు నిండుగా ఊదుటయే వాడుక.

కర్మాగారములలో దుమ్ము పీల్చినవారికి బెల్లము ముక్క పెట్టు ఆచారమొకటి కలదు. అది పోవునది కడుపునకు, ఊపిరితిత్తులకు కాదు. వాయువు సోకినవాడు ముఖము కడుగుకొని, బెల్లము నమిలి, బాగున్నానని చెప్పి మేడ్చల్ బస్సెక్కు ఆ కొన్ని గంటలలోనే, లారీ చెప్పినట్లు, ఒకడు ప్రక్కన కూర్చుండి వాని ఊపిరులు లెక్కించుచుండవలసినది.