గడప దాటిన కుక్క, గడప బయట మనుషులు

పెంపుడు కుక్కను మంచం మీద పడుకోనివ్వవచ్చా? ఇప్పుడు ఈ ప్రశ్న పశువైద్యుడి దగ్గరికి వెళుతోంది. ఆయన జవాబు సూటిగా ఉంటుంది. రేబిస్ టీకా వేయించాలి, కడుపులో పురుగులకు మందు వెయ్యాలి, ఒంటిమీద పిడుదులు లేకుండా చూడాలి, ఇంట్లో పసిబిడ్డలో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లో ఉంటే వద్దనుకోవాలి. ఆరోగ్యం వరకూ ఇది చాలు. కానీ సాహిత్యం చదువుకున్న నాకు ఈ ప్రశ్న చాలా పాతదిగా కనిపిస్తుంది. మన కావ్యాల్లో, శతకాల్లో, సామెతల్లో, ఇళ్లు కట్టుకున్న తీరులో దీన్ని వెయ్యేళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, ఎవరు దేనిమీద కూర్చోవచ్చు అన్నది అక్కడ అసలు విషయం. ఆ లెక్కలో కుక్క ఒంటరిగా లేదు. దాని పక్కన మనల్ని కూడా నిలబెట్టారు.

శతపథ బ్రాహ్మణం పద్నాలుగో కాండ చూడండి. ప్రవర్గ్య క్రతువు చేసేవాడు స్త్రీని, శూద్రుణ్ణి, కుక్కను, నల్లపక్షిని చూడకూడదు. ఈ నలుగురూ అసత్యమట. మనుస్మృతి మూడో అధ్యాయం 239వ శ్లోకం, బ్రాహ్మణులు భోంచేస్తుండగా చూడకూడనివాళ్ల జాబితా ఇస్తుంది: చండాలుడు, పంది, కోడి, కుక్క, రజస్వల, నపుంసకుడు. పదో అధ్యాయం చండాలుల, శ్వపచుల ఆస్తి కుక్కలూ గాడిదలూ అని తేల్చేసింది. శ్వపచుడంటే కుక్కను వండుకునేవాడు. కులాన్నీ లింగాన్నీ జంతువునూ ఒకే తాడుతో కట్టిన ముడి ఇది. కుక్క తాకితే స్నానం, ముట్టయిన ఆడది తాకితే స్నానం, మాలమాదిగలు తాకితే స్నానం. తాకినది ఎవరైనా తలమీద పోసుకునే నీళ్లు ఒకటే.

తెలుగులో ఈ చూపు బడిపిల్లల నోటికి శతకాల ద్వారా వచ్చింది. శుభలగ్నం చూసి పట్టం కట్టినా బంగారు సింహాసనం మీది కుక్క తన వెనకటి గుణం మానదని సుమతీ శతకం అంటుంది. కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులు తెగ కొరికిందని సామెత. ఎత్తైన ఆసనం మీదికి తక్కువవాళ్లను రానివ్వొద్దన్నదే రెంటిలోనూ పాఠం. వేమన పేరుతో ఉన్న ఒక పద్యం దీన్ని నేరుగా మన పడగ్గదిలోకి తెస్తుంది. పెళ్లాం మాట విని అన్నదమ్ముల్ని వదిలి వేరుపడేవాడు వెర్రివాడట, కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదబోయేవాడి లాంటివాడట. విగ్రహారాధనను, కులాన్ని ఎగతాళి చేసిన గొంతే భార్య మాట దగ్గరికొచ్చేసరికి కుక్కతోకను వెతుక్కుంది. ఆ పద్యాన్ని బట్టీ పట్టి అప్పజెప్పిన ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని.

అయితే మన సాహిత్యం ఇంతకన్నా పెద్దది. పదకొండో శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన భారతంలో, కథ ఇంకా ఊపందుకోకముందే, ఒక తల్లికుక్క రాజసభలో నిలబడి మాట్లాడుతుంది. జనమేజయుడి యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న సరమ కొడుకును రాజు తమ్ముళ్లు కొట్టారు. ఆ పిల్ల హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైనా లేదు. సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. సభలో ఎవరూ నోరు విప్పలేదు. తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులకు, పేదలకు కీడు చేసేవాళ్లకు అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఆ మాటలు నన్నయ పద్యాల్లో బాగా ప్రసిద్ధమైనవి. నీతిపద్యంగానే దాన్ని మనకు నేర్పారు. దాన్ని పలికినది ఎవరో, ఎందుకు పలికిందో చెప్పిన పాఠం నాకు గుర్తులేదు. కులమూ లేక, మనిషి జన్మా లేక, మగదీ కాని ఒక ప్రాణి బిడ్డ దెబ్బలకు జవాబు అడగడం మన కావ్య సాహిత్యం గుమ్మంలోనే ఉంది.

భారతం చివర మరో కుక్క ఉంది. తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది అదే. కుక్కల్ని వెంటబెట్టుకున్నవాళ్లకు స్వర్గంలో చోటులేదని ఇంద్రుడంటే, ఆశ్రయించినదాన్ని విడిచి నేను రానన్నాడు. ఈ మాట మెచ్చుకోదగిందే. కానీ ఆ దారిలో మొదట పడిపోయింది ద్రౌపది. ఎందుకని భీముడు అడిగితే, ఆమెకు అర్జునుడంటే పక్షపాతమని చెప్పి ధర్మరాజు నడక సాగించాడు. తమ్ముళ్లనూ భార్యనూ వదిలి కుక్క కోసం పట్టుబడతావేమని ఇంద్రుడే ఎత్తిపొడిచాడు. చనిపోయినవాళ్లను నేను బతికించలేను, బతికున్నదాన్ని వదలనని ధర్మరాజు జవాబు. తర్కం సరిపోయింది. కానీ అది ద్రౌపదికి జవాబు కాదు. కుక్క మీద దయ చూపినవాడు మనుషులందరికీ న్యాయం చేసినట్టు కాదని ఆ పర్వం నాకు నేర్పింది.

శాస్త్రాల్లోని ఈ మెట్లు ఇళ్ల కట్టుబడిలోనూ ఉన్నాయి. మా నాగాయలంక వైపు పాత పెంకుటిళ్లలో వీధరుగు, పంచ, నడవ, గది, వంటిల్లు వరసగా ఉండేవి. కుక్కకు అరుగు దాకా హద్దు. నెలకు మూడురోజులు ఆడవాళ్లకూ పంచలోనే చాప, విడిగా చెంబు. మంచం, పరుపు తాకకూడదు. పాలేరు వాకిట్లో నిలబడేవాడు. ఈ నియమాలు నడవాలంటే ముందు అన్ని గదులున్న ఇల్లు ఉండాలి. ఒకటే గది ఉన్న పాకలో లోపలేది, బయటేది? కాపలా పాకల సంగతీ అంతే. చేపల చెరువుల గట్లమీద నులకమంచం కింద కుక్క, చలి ముదిరితే మంచం మీదే కాళ్ల దగ్గర కుక్క. అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. ఇద్దరూ ఒకే కాపలా కాస్తున్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఇళ్లను వరసలతో సహా తుడిచిపెట్టింది. తరవాత కట్టిన తుఫాను కాలనీల చిన్న ఇళ్లలో మైలకు విడిగా చోటు దొరకడం కష్టమైంది. అయినా ఆచారం తనకు కావలసిన మూలను ఎలాగో వెతుక్కుంటుంది.

మరి అగ్రకుల మధ్యతరగతి ఇంట్లో కుక్క అరుగు దాటి మంచమెలా ఎక్కింది? కొంత దారి సముద్రం మీదుగా వచ్చింది. ఇంగ్లీషు కంపెనీ ఓడ మా మచిలీపట్నం రేవుకు చేరింది 1611లో. అదే దశాబ్దంలో సర్ థామస్ రో జహంగీరు దర్బారులో ఉండగా, ఇంగ్లీషు మాస్టిఫ్ కుక్కలు పాదుషాకు కానుకలయ్యాయి. తరవాతి కాలంలో దొరల బంగళాలు, వాటిని చూసి జమీందార్ల మేడలు, ఆపైన నగరాల అపార్ట్‌మెంట్లు. ఈ ప్రయాణంలో కుక్కకు కొత్త కులం పుట్టింది. మనం దాన్ని 'జాతి కుక్క' అంటాం. వంశవృక్షం రాసిన కాగితం చేతికొస్తే మైల పోతుంది. అది లేనిది ఊరకుక్కగా వీధిలోనే ఉంటుంది.

దీన్నంతా డబ్బున్నవాళ్ల మురిపెమని కొట్టిపారెయ్యలేను. మంచం మీది కుక్కకూ ఆడవాళ్ల ఒంటరితనానికీ సంబంధం ఉంది. అమెరికాలో 962 మంది స్త్రీలను అడిగి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పక్కన మనిషి పడుకున్నప్పటికంటే కుక్క పడుకుంటే నిద్రాభంగం తక్కువనీ, భద్రంగా ఉంటుందనీ వాళ్లు చెప్పారు. పడకలో నిర్భయంగా ఉండటం ఎంతమంది ఆడవాళ్లకు దొరకని వస్తువో తెలిసినవాళ్లకు ఇది నవ్వులాట కాదు. ఎలిజబెత్ బారెట్ జబ్బుతో, తండ్రి కట్టడిలో ఉన్నప్పుడు ఆమె పడకను పంచుకున్నది ఫ్లష్ అనే కుక్క. దాన్ని 1846లో దొంగలు ఎత్తుకుపోతే, తండ్రీ ప్రియుడూ వద్దంటున్నా ఆమె గది దాటి, బండెక్కి, ఆ దొంగల పేటకే వెళ్లింది. ఆ కుక్క జీవితచరిత్రను వర్జీనియా వుల్ఫ్ 1933లో పుస్తకంగా రాసింది. ఎలిజబెత్ వెంట తిరిగిన పనిమనిషి విల్సన్ జీవితం అదే పుస్తకం వెనక ఒక పొడవాటి నోటుగా మిగిలింది. కుక్కకు పుస్తకం, పనిమనిషికి నోటు. వుల్ఫ్ ఆ నోటైనా రాసింది. మన కథల్లో పనిమనిషికి అదీ అరుదే.

జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు పట్టుకున్నది ఈ వైపరీత్యాన్నే. గుడిలో దేవుడి చెవి దగ్గర వేలాడే హక్కు గబ్బిలానికి ఉంది, అంటరానివాడికి లేదు. ఇప్పుడు గుడి స్థానంలో పడగ్గది ఉంది. రెండుపూటలా దుప్పట్లు దులిపి, కుక్కవెంట్రుకలు ఏరి, పరుపు సర్దే మనిషి ఆ పరుపు అంచున కూర్చోదు. ఆమె టీ గ్లాసు విడిగా ఉంటుంది. పెంపుడు కుక్క బొచ్చెను మాత్రం వంటింటి సింకులోనే కడుగుతారు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960లోనే వచ్చింది. దానికోసం పార్లమెంటులో పట్టుబట్టింది రుక్మిణీదేవి అరండేల్, ఒక స్త్రీ. అది మనకు గర్వకారణమే. ఇంటిపనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని మాత్రం మన దేశం ఇంకా ఆమోదించలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు చంపిన నాలుగేళ్ల పిల్లవాడు ఒక కాపలాదారు కొడుకు. లోపల పడుకునే కుక్క, బయట తిరిగే కుక్క, బయట ఆడుకునే బిడ్డ: ముగ్గురి చోట్లనూ నిర్ణయించింది ఒకే గడప.

కాబట్టి కుక్క మంచమెక్కడం మీద నాకు అభ్యంతరం లేదు. మనువు జాబితాలోంచి ఒకరు బయటపడ్డారంటే సంతోషమే. ఒక్కరు బయటపడగానే జాబితా చిరిగిపోయిందనుకోవడం మీదే నా అభ్యంతరం. ఆ దుప్పటి ఉతికేది ఎవరు, ఉతికి అలిసిపోయి ఆ ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది, బయట ఉన్న రోజుల్లో ఆ ఇంటి ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుంది? కుక్క సంగతి తేల్చుకునే ముందు ప్రతి ఇల్లూ ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. సరమ జవాబు అడిగిన సభ మౌనంగానే ఉండిపోయింది. మన ఇళ్లలో ఆ మౌనానికి ఇక చోటివ్వకూడదు.