మన్యం ఊళ్ల పేర్లు

సవరల కొండల నడుమ సీతంపేట, గుమ్మలక్ష్మీపురం. వింటే పురాణం గుర్తొస్తుంది, కొండ గుర్తురాదు. చుట్టుపక్కల ‘వలస’ తోక తగిలిన ఊళ్లెన్నో. ఎవరు ఎక్కడికి వలస వచ్చినట్టు? కొండవాడి ఊరు పల్లపు కరణం కలంలోనే రికార్డుకెక్కింది. అసలు ‘సవర’ అన్నదీ మన పిలుపే. వాళ్లు తమను ‘సొర’ అని చెప్పుకుంటారు.

ఈ మాట చెవినపెట్టినవాడు పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి. (పంతుళ్లం మనమూ ఉన్నాం!) 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నడుమ 1936లో మంగై గొమాంగో సొరకు లిపి కల్పించాడు. అయినా రెవిన్యూ పుస్తకాల్లో ఆ పేర్లు అలాగే ఉండిపోయాయి.

1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న భూస్వాముల మనుషుల తూటాలకు నేలకొరిగారు. మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనులు వాళ్లు. ఆ రెండు ఊళ్లపేర్లూ మన సాహిత్యంలోకి నెత్తుటితోనే వచ్చాయి. వాటి అర్థమేమిటని ఆ ఊరివాళ్లను మనలో ఎందరు అడిగారు?