కార్నెగీ హాలులో నల్లవారి సంగీతం

1938 డిసెంబరు 23వ తేదీ రాత్రి న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఒక కచేరీ జరిగింది. ‘స్పిరిచ్యువల్స్ నుంచి స్వింగ్ దాకా’ అని దాని పేరు. స్పిరిచ్యువల్స్ బానిసత్వపు రోజుల్లో నల్లవారు పాడుకొన్న భక్తిగీతాలు. స్వింగ్ ఆనాటి నృత్యశాలల్ని ఊపివేస్తున్న జాజ్. ఈ రెంటినీ కలిపే చరిత్రను ఒకే వేదికపై వినిపించాలన్నది నిర్వాహకుల సంకల్పం. ఆ రాత్రి సాధించినది ఎంత గొప్పదో, అందులో దొర్లిన పొరపాటూ అంత గమనింపదగినది.

ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ధనంతో 1891లో తెరిచిన హాలు అది. మరుసటి ఏడే హోమ్‌స్టెడ్‌లోని ఆయన కర్మాగారంలో కార్మికుల సమ్మెను అణచివేశారు. అటువంటి చోట ఈ కచేరీకి ఆర్థికంగా అండ నిలిచినది కమ్యూనిస్టు పార్టీకి సన్నిహితమైన ‘న్యూ మాసెస్’ పత్రిక. నిర్వాహకుడు జాన్ హామండ్ మాత్రం వాండర్‌బిల్ట్ ధనిక వంశానికి చెందినవాడు. 1937లో కారు ప్రమాదంలో మరణించిన గాయని బెస్సీ స్మిత్‌కు కచేరీని అంకితం చేశారు.

అంధుడైన హార్మోనికా వాద్యకుడు సానీ టెర్రీ, గిటారు మీటుతూ సువార్త గీతాలు పాడే సిస్టర్ రొసెట్టా థార్ప్, కౌంట్ బేసీ వాద్యబృందం అక్కడ వినిపించారు. పియానో వాయించిన ఆల్బర్ట్ అమన్స్ షికాగోలో టాక్సీ నడిపినవాడు. మీడ్ లక్స్ లూయిస్ కార్లు కడిగి బతికినవాడు. ఈ ఇద్దరినీ విన్న జర్మన్ వలసదారు ఆల్‌ఫ్రెడ్ లయన్ 1939 జనవరిలోనే వారి పియానోను రికార్డు చేశాడు. ‘బ్లూ నోట్’ సంస్థకు అదే ఆరంభం.

ఇక పొరపాటు సంగతి. హామండ్ పిలవదలచిన మిసిసిపీ గాయకుడు రాబర్ట్ జాన్సన్ ఆ ఆగస్టులోనే, 27వ ఏట, చనిపోయాడు. వేదికపై అతని రికార్డులు వినిపించి, అతని స్థానంలో బిగ్ బిల్ బ్రూంజీ చేత పాడించారు. బ్రూంజీ అప్పటికి పదేళ్లకు పైగా రికార్డులు ఇస్తున్న షికాగో వృత్తి గాయకుడు. సభకు మాత్రం అతన్ని ఆర్కాన్సా నుంచి వచ్చిన పల్లెటూరి సేద్యగాడిగా పరిచయం చేశారు! ప్రజాకళాకారుడంటే కాళ్లకు మట్టి ఉండి తీరాలన్న భ్రమ అభ్యుదయవాదులను కూడా వదలలేదన్నమాట. పల్లె విడిచి నగరం చేరి, పాటను వృత్తిగా మలచుకొని, శ్రోతల అభిరుచినెరిగి రికార్డులిచ్చిన మనిషి శ్రమ అక్కడ లెక్కలోకి రాలేదు. జాలితో కూడిన మెప్పు కళాకారుని నైపుణ్యాన్ని కప్పివేస్తుంది. ఒక జాతి సంగీతం నేర్పుతో, సాధనతో పెరిగినదని ఒప్పుకోక, అది సహజంగా పుట్టుకొచ్చినదనడం కూడా ఒక విధమైన చిన్నచూపే.

అదే డిసెంబరులో న్యూయార్కులో ‘కెఫే సొసైటీ’ తెరిచారు. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కనే కూర్చుని వినే చోటు అది. 1939లో బిల్లీ హాలిడే అక్కడ ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడింది. నల్లవారిని మూకలు చెట్లకు ఉరితీసే దారుణంపై ఆ పాట రాసినవాడు ఏబెల్ మీరోపోల్ అనే బడిపంతులు. ఆమె రికార్డులు వేసే కొలంబియా కంపెనీ ఆ పాటను ముట్టనన్నది; కమొడోర్ అనే చిన్న సంస్థ ఆ ఏప్రిల్‌లో దానిని రికార్డు చేసింది. ఈ పాట పాడేటప్పుడు హాలిడే ఎవరి చరిత్రకూ ఉదాహరణగా నిలబడలేదు. తన కాలం మీద తానే సాక్ష్యం చెప్పింది. ప్రజల కళను వేదికకెక్కించే ప్రతివారూ, ఆ కళాకారుని గురించి తాము చెప్పేదానికన్నా అతడు తన గురించి చెప్పుకొనేదానికే ముందు చోటివ్వాలి.