స్కాటిష్ సామాన్యుల జాడ తెలిపే పాత రిజిస్టర్లు

కూలి పనితోనో మగ్గం పనితోనో బతుకు వెళ్లదీసి, వీలునామా రాసేంత ఆస్తి లేకుండానే కన్నుమూసిన స్కాట్లాండ్ సామాన్యుని జీవితాన్ని ఈనాడు అతని వారసులు చాలావరకు తెలుసుకోగలుగుతున్నారు. చర్చి తన క్రమశిక్షణ కోసం, ప్రభుత్వం తన పాలన కోసం, పేదల నిధిని పంచే అధికారులు తమ లెక్కల కోసం రాయించిన పుస్తకాలే అందుకు ఆధారం. ఏ పుస్తకాన్ని ఎవరు ఏ అవసరం కొద్దీ రాయించారో గ్రహించినప్పుడే అందులోని మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేలుతుంది.

వంశచరిత్ర పరిశోధన తెలిసిన తరం నుంచి తెలియని తరానికి వెనక్కి సాగుతుంది కనుక, మొదట అక్కరకు వచ్చేది 1855 జనవరి 1న మొదలైన జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు. ఆ తొలి ఏడాది జనన నమోదులో తల్లిదండ్రుల వయస్సు, జన్మస్థలం, పెళ్లి వివరాలు, అంతకుముందు పుట్టిన పిల్లల సంఖ్య కూడా రాశారు. ఆ పని మోయలేని భారం కావడంతో మరుసటి ఏడాదే వివరాలను కుదించారు. మరణ నమోదులో మాత్రం మృతుల తల్లిదండ్రులిద్దరి పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా, రాసే పద్ధతి నిలిచింది. అందువల్ల 1860లో ఎనభై ఏళ్ల వయస్సులో మరణించిన వృద్ధురాలి నమోదు 1780 నాటికి కాపురం చేస్తున్న ఆమె తల్లిదండ్రుల వరకు దారి చూపుతుంది. అయితే ఆ పేర్లు చెప్పేది కొడుకో పొరుగువారో కావడం వల్ల, మరొక ఆధారంతో వాటిని సరిచూసుకోవలసి ఉంటుంది.

జనాభా లెక్కలకూ ఇదే జాగ్రత్త అవసరం. 1841 జూన్‌లో జరిగిన లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవారి వయస్సును ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు కాబట్టి, నలభైనాలుగేళ్ల మనిషి నలభై ఏళ్లవాడిగా కనిపిస్తాడు. 1851 నుంచి అసలు వయస్సు, పుట్టిన పారిష్ నమోదయ్యాయి.

పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ల సముదాయం. 1855కు ముందు కాలానికి ఈ పారిష్ రిజిస్టర్లే ప్రధాన ఆధారం. వాటిలో అత్యంత ప్రాచీనమైనది పెర్త్‌షైర్‌లోని ఎరల్ గ్రామానిది, 1553లో మొదలైంది. బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనలు వీటిలో తరచుగా దొరుకుతాయి గాని ఖననాల వివరాలు అరుదు. 1783 నుంచి 1794 వరకు ఒక్కొక్క నమోదుకు మూడు పెన్నీల పన్ను విధించడం, 1843లో చర్చి చీలి ఫ్రీ చర్చి ఏర్పడడం వంటి కారణాల వల్ల అనేక కుటుంబాలు ఈ పుస్తకాలకు ఎక్కలేదు.

ఆ ఖాళీలను కొంతవరకు పూరించేవి కిర్క్ సెషన్ మినిట్లు. కిర్క్ సెషన్ అనేది పాదిరి, సంఘపెద్దలు కూడిన స్థానిక చర్చి న్యాయసభ. పెళ్లికాని స్త్రీ తల్లి అయితే ఆమెను పిలిపించి బిడ్డ తండ్రి ఎవరో చెప్పమని నిలదీసేది, ఎందుకంటే తండ్రి తేలకపోతే పోషణభారం పారిష్ నిధి మీద పడేది. 1845 పేదల చట్టం తర్వాత, సహాయం కోరినవారు ఏ పారిష్‌కు చెందినవారో నిర్ణయించడానికి ఇన్‌స్పెక్టర్లు విచారణ జరిపేవారు. గ్లాస్గోలో భద్రపరచిన ఇటువంటి దరఖాస్తుల్లో జన్మస్థలం, పాత చిరునామాలు, భర్త లేదా భార్య, పిల్లలు, తల్లిదండ్రుల వివరాలు ఒకేచోట దొరుకుతాయి.

కుదురుగా బతికిన కుటుంబానికి నాలుగు పంక్తులు మిగిలితే, ఆకలితో అధికారి ముందు నిలబడిన వితంతువుకు పుట నిండా చరిత్ర మిగిలింది. గత్యంతరం లేక చెప్పుకున్న ఆ జవాబులను కుటుంబానికి మచ్చగా భావించి దాచడం అన్యాయం. ఆ స్త్రీ పిల్లలను బతికించుకోవడానికి పడిన పాటుకు సాక్ష్యంగా, గౌరవంతో చదవడమే వారసుల ధర్మం.