ఆ 64 పౌండ్ల లెక్క

నెలాఖరున పాల లెక్క, కిరాణా లెక్క రాసుకునే అలవాటు నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది. అందుకేనేమో, డెర్వ్లా మర్ఫీ గురించి చదువుతుంటే అందరూ చెప్పే తోడేళ్ళ దగ్గరా మంచు దగ్గరా కాక, ఒక అంకె దగ్గర ఆగిపోయాను. ఈ ఐర్లండు ఆవిడ 1963లో ఒంటరిగా సైకిల్ మీద బయల్దేరి యూరప్, టర్కీ, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి ఢిల్లీ వచ్చింది. జనవరిలో బయల్దేరితే జూలైకి చేరింది. ఆర్నెల్లకీ అయిన ఖర్చు 64 పౌండ్ల చిల్లర. అప్పటి మారకంలో మన డబ్బు 860 రూపాయల దాకా.

అంత తక్కువలో ఎలా అయిందబ్బా అనుకున్నాను. ఆ సంగతికి వచ్చేముందు ఆవిడ ఇంటి సంగతి చెప్పాలి.

డెర్వ్లా 1931లో లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పదో పుట్టినరోజుకి ఒక పాత సైకిలు, ఒక అట్లాసు బహుమతిగా వచ్చాయి. కొన్నాళ్ళకే, ఊరి దగ్గర కొండ ఎక్కుతూ, ఇలా తొక్కుకుంటూ పోతే ఇండియా చేరొచ్చు కదా అనుకుంది. పెద్దవాళ్ళకి చెప్తే నవ్వుతారని చెప్పలేదు. తల్లికి కీళ్ళవాతం, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. పద్నాలుగో ఏట బడి మాన్పించి డెర్వ్లాని ఇంట్లో ఉంచేశారు. వంట, ఇల్లు, అమ్మ సేవ. మధ్యమధ్య కొద్ది వారాలు సైకిల్ మీద తిరిగి రమ్మని తల్లే పంపేదట, అది వేరే గొప్ప. 1962లో తల్లి పోయేదాకా దాదాపు పదహారేళ్ళు అలాగే గడిచాయి. ఆ తర్వాతే ఇండియా ప్రయాణం. అప్పటికి ముప్పై ఒకటి.

మంచానపడ్డ మనిషికి చాకిరీ చేసినవాళ్ళకి ఆ పదహారేళ్ళంటే ఏమిటో తెలుస్తుంది. మా అత్తయ్యగారు మంచంలో ఉన్న ఈ నాలుగేళ్ళుగా నాకు బాగా తెలుస్తోంది.

దారిలో అందరూ దేవుళ్ళే తగిలారని చెప్పను. ఆవిడ దగ్గర చిన్న పిస్తోలు ఉండేది, టర్కీలో ఒక రాత్రి గదిలోకి చొరబడ్డవాణ్ణి బెదిరించడానికి పైకప్పులోకి పేల్చాల్సొచ్చింది కూడా. అఫ్ఘనిస్తాన్‌లో కిక్కిరిసిన బస్సులో గొడవ జరిగి, తుపాకీ మడమ తగిలి పక్కటెముకలు విరిగాయి. అయినా ఆ ప్రయాణం మొత్తంలో ఆవిడ మనసు పారేసుకున్నది ఆ అఫ్ఘన్ల మీదే. టీ దుకాణాల నేలమీద, పల్లె ఇళ్ళల్లో పడుకుంది. వాళ్ళు పెట్టిందే తింది. ఎవరు నువ్వు, మీ ఆయన ఏడీ, ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నావు అని అడగాల్సిన ప్రశ్నలు వాళ్ళకి బోలెడు ఉండి ఉంటాయి. మన ఊళ్ళో అయితే టీ ఇచ్చేముందే అడిగేస్తాం.

ఇప్పుడు లెక్కకి వస్తాను. నా పుస్తకంలో ఒక నెల కూరల ఖర్చు తగ్గిందంటే, కూరలు మానేశామని కాదు, మా పుట్టింటి నుంచి సంచీ వచ్చిందని. ఆ 64 పౌండ్లూ అంతే. ఆవిడ పొదుపరే, ఒప్పుకుంటాను, కానీ మిగిలిన ఖర్చు దారి పొడుగునా ఇంకొకళ్ళ వంటింట్లో పడింది. రాత్రివేళ ఎవరో పొయ్యి మళ్ళీ ముట్టించారు. పిల్లల రొట్టెలో ఒకటి తగ్గించి ఉంటారు. పరదా పాటించే ఇళ్ళల్లో ఆ రొట్టె కాల్చిన చెయ్యి బయటి మగవాళ్ళ కంటికి కూడా కనపడదు. 1965లో పుస్తకం వచ్చింది, సైకిలుకి రోజ్ అని పేరుందని ప్రపంచానికంతా తెలిసింది. రొట్టెలు కాల్చిన ఆడవాళ్ళల్లో ఎంతమంది పేర్లు తెలుసు?

మా కోనసీమలో ఒక్క పేరు మిగిలింది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. దానిమీంచి ఎన్నిసార్లు వెళ్ళానో.

మొన్న వేసవిలో, మిట్టమధ్యాహ్నం, గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, వెనక రెండు సంచులు, మొహమంతా దుమ్ము. హిందీలో మంచినీళ్ళు అడిగాడు. ఇంట్లో మగవాళ్ళు లేరు. గేటుకి తాళం వేసే ఉంది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి కమ్మీల సందులోంచి ఇచ్చాను. అక్కడే నిలబడి గటగటా తాగి, ఖాళీ సీసా మళ్ళీ ఆ సందులోంచే ఇచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వంటింట్లో ముద్దపప్పు, ఆవకాయ, ఇద్దరికి సరిపడా అన్నం ఉంది.

లోపలికి రాగానే అత్తయ్యగారు మంచం మీంచి అడిగారు. "ఎవరే అమ్మాయ్?"

"ఎవరో కుర్రాడండీ, సైకిల్ మీద దేశం తిరుగుతున్నట్టున్నాడు. నీళ్ళు అడిగితే ఇచ్చి పంపేశాను."

"అన్నం తిన్నాడేమో అడిగావా?"

లేదండీ అన్నాను. ఆవిడ ఇంకేం అనలేదు, గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం కాఫీ తాగుతూ మళ్ళీ ఆ మాటే ఎత్తారు.

"పోనీ, ఏ ఊరట పాపం?"

అదీ అడగలేదు.