దీపానికి మూడో తీగ

ఇంగ్లండు ఉత్తరాన ఉన్న క్రాగ్‌సైడ్ భవనంలో 1880లో కొన్ని దీపాలకు స్విచ్చులే లేవు. దాని యజమాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ తన గ్రంథాలయంలో ఎనామెల్ పూసిన రాగి కూజాల మీద జోసెఫ్ స్వాన్ బల్బులు పెట్టించాడు. కూజాను పీఠం మీద దించితే, అడుగున పొడుచుకొచ్చిన తీగ కొన పాదరసం గిన్నెలో మునిగి బల్బు వెలిగేది. ఎత్తితే ఆరిపోయేది. మరి కరెంటు తిరిగి వెళ్ళే దారి? ఆ కూజా ఒళ్ళే! చేత్తో పట్టుకునే లోహమే ఆనాడు తీగ పని చేసింది.

1882లో లండన్‌లో తొలి వైరింగ్ నిబంధనలు వచ్చాయి. వాటి పేరులోనే ఉంది అప్పటి భయమేమిటో: విద్యుద్దీపాల వల్ల అగ్నిప్రమాదం. కాలక్రమంలో షాక్ భయం కూడా తోడైంది. 1947లో వచ్చిన బ్రిటిష్ 13 ఆంపియర్ల ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి, అందులో ఒకటి ఎర్తుది. లైట్లకు మాత్రం చాలా ఇళ్ళలో రెండు తీగలే నడిచాయి. చెక్క నేల, ఎత్తున వేలాడే బేకలైట్ హోల్డరు. షాక్ కొట్టే అవకాశం తక్కువని నమ్మకం. ఇనప ఒంటి ట్యూబ్‌లైట్లు, ఇత్తడి స్విచ్చు పలకలు ఇళ్ళలోకి వచ్చాక ఆ నమ్మకం నిలవలేదు. 1966లో నిబంధనల్లో వచ్చిన మార్పుతో లైట్ల సర్క్యూట్లకూ ఎర్తు తప్పనిసరి అయింది.

తీగ లాగితే సరిపోదు, ప్రతి పాయింటు దగ్గరా దాన్ని టెర్మినల్‌లో బిగించాలి. అక్కడ వేలాడేది ప్లాస్టిక్ హోల్డరే అయినా సరే, సీలింగ్ రోజ్ వరకు ఎర్తు చేరి స్క్రూ కింద కూర్చోవాల్సిందే. రేపు ఆ చోట ఎవరైనా ఇత్తడి దీపగుచ్ఛం తగిలించవచ్చు కదా. బ్రిటిష్ ఫ్లాట్ కేబుల్లో ఎర్తు తీగకు తొడుగు ఉండదు. అందుకే కొనకు ఆకుపచ్చ, పసుపు చారల గొట్టం తొడిగి మరీ బిగిస్తారు. పనికిరాదని కత్తిరించి పారేస్తే చేటు ఆ ఒక్క దీపంతో ఆగదు. ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు సాగే వైరింగులో ఆ తర్వాతి దీపాలన్నిటికీ ఎర్తు పోతుంది.

ఫేజు తెగినా, న్యూట్రల్ తెగినా దీపం ఆరి కబురు చెబుతుంది. ఎర్తు తెగితే దీపం ఎప్పటిలాగే వెలుగుతుంది. మీటరు పెట్టి చూస్తే తప్ప ఆ లోపం బయటపడదు. కేబుల్ ఎంత ఖరీదైనదైనా, ఆ ఒక్క స్క్రూ వదులైతే దండగే.

2018లో వచ్చిన వైరింగ్ నిబంధనల 18వ కూర్పు, ఇళ్ళలోని లైట్ల సర్క్యూట్లకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే పరికరం) కూడా ఉండాలంది. ఎర్తు సరిగా ఉంటే, ఫేజు లోహానికి తగిలీ తగలగానే అది ట్రిప్ అవుతుంది. ఎర్తు లేకపోతే, మనిషి ఒంటి గుండా కరెంటు పారాకే ట్రిప్ అయ్యే ప్రమాదముంది.

1966కు ముందు కట్టిన ఇళ్ళలో ఎర్తు లేని లైట్ల వైరింగు నేటికీ కనిపిస్తుంది. దాన్ని మార్చేదాకా, చదరంలో చదరం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ దీపాలే వాడాలని బోర్డు దగ్గర హెచ్చరిక అంటిస్తారు.